టి.వి. తెర మీద మన దస్త్రం
(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తలుచుకుంటూ మనం ఏటా ఈ రోజున కలుసుకుంటున్నాం. పింఛను ఎవరో దయతలచి ఇచ్చే బహుమానం కాదని, అది మన హక్కని ఆ తీర్పు తేల్చింది. ఈ సభలో కరువు భత్యం గురించి, బకాయిల గురించి మాట్లాడడానికి నాకంటే సమర్థులు చాలామంది ఉన్నారు. కార్యదర్శిగారు మాత్రం, "మీ ఇంట్లో టి.వి.కి కంప్యూటర్ తగిలించారట గదా, ఆ సంగతి చెప్పండి" అన్నారు. మొదట నవ్వులాట అనుకున్నాను. ఆలోచిస్తే చెప్పవలసిన విషయమే అనిపించింది. దాని వెనుక నేను చేసిన ఒక తప్పు ఉంది. ముందుగా ఆ తప్పును సభాముఖంగా ఒప్పుకుని, తరువాత అసలు విషయానికి వస్తాను.

నేను 1973లో ఎల్.డి.సి.గా చేరి 2008లో రిటైరయ్యాను. ముప్పై అయిదేళ్ళు అంకెలతోనే కాపురం చేశాను. ఆ అలవాటు కొద్దీ మన సంఘం సభ్యులకు దరఖాస్తులు నింపిపెట్టే పని నెత్తిన వేసుకున్నాను. నాలుగేళ్ళ క్రితం నాతోపాటు పనిచేసిన ఒక మిత్రుడు కాలం చేశాడు. ఆయన భార్యకు కుటుంబ పింఛను కాగితాలు నేనే తయారుచేశాను. అప్పటికే నా కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. ఎడమ కంటికి ఆపరేషన్ చేసినా పెద్దగా ఫలితం ఉండదు, లోపలి పొర దెబ్బతిన్నదని డాక్టరుగారు చెప్పారు. అయినా నాకేం, బాగానే కనిపిస్తోందని మొండిగా మా అబ్బాయి వదిలేసిన పాత ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. బ్యాంకు ఖాతా నంబరులో ఒక 3ను 8గా కొట్టాను. రెండుసార్లు సరిచూసుకున్నాను కూడా. రెండుసార్లూ అది నాకు 8గానే కనబడింది.

పేరుకూ ఖాతాకూ పొంతన లేదని కాగితాలు తిరిగి వచ్చాయి. అవి మళ్ళీ వెళ్ళి, కదిలి, ఆమెకు డబ్బు చేతికి అందేసరికి నాలుగు నెలలు ఆలస్యమైంది. ఆ నాలుగు నెలలూ ఆమె ఎలా గడుపుకున్నదో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఒకసారి వాళ్ళింటికి వెళితే కాఫీ ఇచ్చి, "మీరేం చేస్తారు అన్నయ్యగారూ, ఆఫీసుల సంగతి మీకు తెలియనిదా" అన్నది. తప్పు ఆఫీసుది కాదు, నాది. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. తరువాత ఏడాదికి గాని చెప్పలేకపోయాను.

ఆ రోజు నుంచి దరఖాస్తులు రాయడం మానేశాను. ఎవరు వచ్చినా నెట్ సెంటరుకు వెళ్ళమని చెప్పి పంపేవాణ్ణి. ఇంట్లో నా పింఛను చీటీ చూసుకోవాలన్నా మా అబ్బాయి ఫోనులో చెబితే వినవలసిందే. సర్వీసంతా నలుగురి కాగితాలు చూసినవాడికి తన కాగితం తాను చూసుకోలేకపోవడం ఎలా ఉంటుందో మీలో కొందరికి తెలుసు.

ఆ తరువాత దసరా సెలవులకు మా మనుమరాలు వచ్చింది. నేను భూతద్దం పెట్టుకుని ల్యాప్‌టాప్ మీదికి వంగి ఉండడం చూసి, "తాతయ్యా, ఇంత పెద్ద టి.వి. హాల్లో ఉండగా ఈ అవస్థ ఎందుకు?" అన్నది. ఒక తీగ తెచ్చి రెంటినీ కలిపింది. అయిదు నిమిషాల పని. నా కాగితం ముప్పై రెండు అంగుళాల తెర మీద కనబడింది.

టి.వి.ని ఇలా వాడడం కొత్త విషయం కాదని తరువాత చదివి తెలుసుకున్నాను. నేను ఉద్యోగంలో చేరిన 1973లోనే, సెప్టెంబరు నెలలో, అమెరికాలోని రేడియో ఎలక్ట్రానిక్స్ అనే పత్రికలో డాన్ లాంకాస్టర్ అనే ఆయన ‘టి.వి. టైప్‌రైటర్’ అనే పరికరాన్ని ఇంట్లో తయారుచేసుకునే విధానం వివరించారు. మీటలు నొక్కితే మామూలు టి.వి. మీద అక్షరాలు పడేవి. తెరకు 16 వరుసలు, వరుసకు 32 అక్షరాలు. 1977లో వచ్చిన యాపిల్ టూ, 1982లో వచ్చిన స్పెక్ట్రమ్, కమొడోర్ 64 వంటి ఇంటి కంప్యూటర్లను చాలామంది టి.వి.కే తగిలించుకున్నారు. మన దేశంలో 1984-85లో బడిపిల్లలకు కంప్యూటర్ నేర్పే క్లాస్ పథకం కింద బి.బి.సి. మైక్రో అనే యంత్రాలు తెప్పించారు. వాటిని కూడా టి.వి.కి తగిలించే వీలుండేది. మన హైదరాబాదులో 1967లో ఏర్పడిన ఈ.సి.ఐ.ఎల్. సంస్థ 1969లో టి.డి.సి.-12 కంప్యూటర్ తయారుచేసింది. ఇ.సి. టి.వి.లు చేసిందీ ఆ సంస్థే. మీలో చాలామంది 1977లో హైదరాబాదు దూరదర్శన్ మొదలైన తరువాత ఆ టి.వి.ల ముందు కూర్చున్నవారే. ఒకే సంస్థ నుంచి వచ్చిన ఆ రెండు వస్తువుల్లో ఒకటి మన హాల్లోకి వచ్చింది. రెండోది మాత్రం చెప్పులు బయట విడిచి వెళ్ళవలసిన చల్లని గదిలో ఉండిపోయింది.

మరి ఈ రెంటికీ మధ్యలో ఎందుకు చెడింది? పాత గాజు టి.వి.లో బొమ్మకు 625 గీతలు ఉండేవి, అందులో కంటికి కనబడేవి 576. అవైనా ఒక్కసారిగా రావు. ముందు బేసి గీతలు, తరువాత సరి గీతలు, ఇలా సెకనుకు 50 విడతలుగా వచ్చేవి. పది అడుగుల దూరాన కూర్చుని సినిమా చూసేవారికి అది చాలు. దగ్గరగా కూర్చుని అక్షరం చదవబోతే మాత్రం సన్నని గీత వణికేది. అందుకే కంప్యూటర్‌కు వేరే తెర కావలసి వచ్చింది. 1987లో వచ్చిన వి.జి.ఎ. పద్ధతిలో అడ్డంగా 640, నిలువుగా 480 చుక్కలతో, గీతలన్నీ ఒకే విడతలో వచ్చి అక్షరం నిలకడగా కనబడింది. తరువాత పలక టి.వి.లు వచ్చాయి. 2002 డిసెంబరులో హెచ్.డి.ఎం.ఐ. అనే తీగ పద్ధతి ప్రకటించారు. క్రమంగా టి.వి.కీ మోనిటర్‌కూ అదే రంధ్రం వచ్చింది. విడిపోయిన అన్నదమ్ములు మళ్ళీ ఒక గడపలోకి వచ్చారన్నమాట.

ఇక ఆచరణలో నాకు ఎదురైన చిక్కులు, వాటి విరుగుడు వరుసగా మనవి చేస్తాను. కాగితం కలం తెచ్చుకున్నవారు రాసుకోవచ్చు.

ఒకటి, తీగ. ల్యాప్‌టాప్‌కు హెచ్.డి.ఎం.ఐ. రంధ్రం ఉంటే ఒక్క తీగతో బొమ్మా మాటా రెండూ వస్తాయి. పాత సి.పి.యు.కు నీలిరంగు వి.జి.ఎ. రంధ్రం మాత్రమే ఉండి, టి.వి.కి అది లేకపోతే, మధ్యలో ఒక మార్పిడి పెట్టె కావాలి. ఇక్కడ జాగ్రత్త. వి.జి.ఎ. నుంచి హెచ్.డి.ఎం.ఐ.కి మార్చేది వేరు, హెచ్.డి.ఎం.ఐ. నుంచి వి.జి.ఎ.కు మార్చేది వేరు. చూడడానికి కవల పిల్లల్లా ఉంటాయి గాని ఒకటి రెండోదాని పని చేయదు. నేను మా రెండో గదిలో ఉన్న పాత సి.పి.యు. కోసం తప్పుడుది కొనుక్కువచ్చి రెండు రోజులు టి.వి.ని తిట్టాను. వి.జి.ఎ. తీగలో శబ్దం రాదన్నది కూడా గుర్తుంచుకోండి. తగిలించే ముందు రెంటినీ కట్టివేసి, రెంటినీ ఎర్త్ ఉన్న ఒకే ప్లగ్ బోర్డుకు పెట్టడం మంచిది.

రెండు, బొమ్మ రాకపోవడం. తీగ పెట్టగానే బొమ్మ రాకపోతే కంగారు పడకండి. రిమోట్‌లో సోర్స్ లేదా ఇన్‌పుట్ మీట నొక్కి, తీగ పెట్టిన రంధ్రం నంబరు ఎంచుకోవాలి. అప్పటికీ రాకపోతే కీబోర్డు మీద విండోస్ గుర్తు ఉన్న మీటనూ పి అక్షరాన్నీ కలిపి నొక్కితే, రెండు తెరల మీదా ఒకే బొమ్మ కావాలా, టి.వి. మీద మాత్రమే కావాలా అని అడుగుతుంది.

మూడు, అంచు కోత. మా ఇంట్లో మొదటి రోజున తెర అడుగునున్న వరుస కనబడలేదు. స్టార్ట్ గుర్తు మాయం. గాజు టి.వి.ల కాలంలో కరెంటు హెచ్చుతగ్గులకు బొమ్మ కుంచించుకుపోయి చుట్టూ నల్లటి అంచు పడేది. అది కనబడకుండా బొమ్మను తెరకంటే కాస్త పెద్దదిగా పరిచేవారు. కారణం పోయినా అలవాటు పోలేదు. రద్దయిన రిజిస్టరును ఏళ్ళ తరబడి నింపిన మనకు ఇది ఆశ్చర్యం కాదు. టి.వి. సెట్టింగుల్లో బొమ్మ సైజు ఉన్నచోట జస్ట్ స్కాన్, స్క్రీన్ ఫిట్, ఫుల్ పిక్సెల్, డాట్ బై డాట్ అని కంపెనీకో పేరుతో ఒక మాట ఉంటుంది. అది ఎంచుకుంటే కోత పోతుంది. కొన్ని టి.వి.ల్లో ఆ రంధ్రానికి పి.సి. అని పేరు పెడితే చాలు, మిగతావి తానే సర్దుకుంటుంది.

నాలుగు, అక్షరాల చుట్టూ తెల్లటి నీడ. టి.వి.లో షార్ప్‌నెస్ అనే గుణం సినిమా బొమ్మ అంచులను ఎత్తి చూపడానికి పెట్టినది. అక్షరానికి అది కీడు చేస్తుంది. ఆ తెల్లటి నీడ పోయేదాకా తగ్గించండి. వివిడ్ అనే మెరుపు పద్ధతి కూడా మానండి. అది దుకాణంలో పదిమందినీ ఆకర్షించడానికి పనికివస్తుంది గాని, రెండడుగుల్లో కూర్చున్న ముసలి కళ్ళకు కాదు. వెలుగు తగ్గించుకోండి. కిటికీ వెలుతురు తెర మీద పడకుండా చూసుకోండి.

అయిదు, చుక్కల లెక్క. టి.వి. మీద హెచ్.డి. రెడీ అని ఉంటే సాధారణంగా 1366 అడ్డం, 768 నిలువు. ఫుల్ హెచ్.డి. అయితే 1920, 1080. కంప్యూటర్ సెట్టింగుల్లో టి.వి.కి ఉన్న అంకెలనే పెట్టాలి. అక్షరాలు పెద్దవి కావాలని ఆ అంకెలు తగ్గిస్తే అక్షరం పెద్దదవుతుంది గాని మసకబారుతుంది. దాని బదులు స్కేల్ అన్నచోట 125 గాని 150 గాని పెట్టుకోండి. నెట్ పేజీ చదివేటప్పుడు కంట్రోల్ మీటతో ప్లస్ నొక్కితే చాలు. ఫోర్-కె టి.వి. ఉండి, పాత ల్యాప్‌టాప్ ఉంటే, మౌసు బాణం ఈడుస్తూ నడుస్తుంది. పాత హెచ్.డి.ఎం.ఐ. అంత బొమ్మను సెకనుకు 30 సార్లే పంపగలగడం అందుకు కారణం. అప్పుడు 1920, 1080 పెట్టుకుంటే సరిపోతుంది. ఒక్కొక్క చుక్క సరిగ్గా నాలుగు చుక్కలవుతుంది, మనకు అక్షరమూ పెద్దదవుతుంది.

ఇక్కడ మన తెలుగు గురించి ఒక మాట. ఇంగ్లీషు అక్షరం మసకబారినా పోల్చుకోవచ్చు. తెలుగులో థ, ధ మధ్య తేడా కడుపులో చుక్క. వత్తులు అడుగున చిన్నగా ఉంటాయి. ముప్పై రెండు అంగుళాల హెచ్.డి. రెడీ టి.వి.లో అంగుళానికి సుమారు 49 చుక్కలు పడతాయి. అదే సైజు ఫుల్ హెచ్.డి.లో 69. ఇరవై నాలుగు అంగుళాల ఫుల్ హెచ్.డి. మోనిటర్‌లో 92. అందుచేత హెచ్.డి. రెడీ టి.వి.లో తెలుగు చదవాలంటే అక్షరం సైజు బాగా పెంచుకోవలసిందే. మామూలు సైజులో వత్తు ఏదో, మురికి ఏదో తెలియదు.

ఆరు, కూర్చునే చోటు, కళ్ళజోడు. అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. గోడకు ఎత్తుగా కొట్టిన టి.వి.ని తలెత్తి గంటసేపు చదివితే మెడ పట్టేస్తుంది. అందులోనూ మన కళ్ళజోళ్ళలో దగ్గరి చూపు అద్దం అడుగున ఉంటుంది కనుక తల మరీ వెనక్కి వంచుతాం. నేను టి.వి.ని గోడ మీంచి దింపించి బల్ల మీద పెట్టించాను. తెర పైఅంచు కంటి ఎత్తుకు మించకూడదు. మూడు నాలుగు అడుగుల దూరంలో కుర్చీ. తీగలేని కీబోర్డు, మౌసు ఒడిలో పలక మీద. పుస్తకం చదివే అద్దం ఆ దూరానికి పనికిరాదు. దారి చూసే అద్దమూ పనికిరాదు. అక్కడ నుంచి తెరదాకా ఎంత దూరమో కొలిచి, ఆ కొలత కంటి డాక్టరుగారికి చెప్పి, ఆ దూరానికి వేరే జోడు రాయించుకున్నాను. నా అంకెల తప్పుల్లో సగం ఆ జోడుతోనే పోయాయి. ఇరవై నిమిషాలకు ఒకసారి ఇరవై అడుగుల దూరాన ఉన్న వస్తువును ఇరవై సెకన్లు చూడడం, రెప్ప వేస్తూ ఉండడం మరువకండి.

ఏడు, గోప్యం. హాల్లో పెద్ద తెర మీద మీ బ్యాంకు నిల్వ పాలవాడికీ కనబడుతుంది. సెల్‌ఫోనును టి.వి.కి కలిపి చూపేటప్పుడు ఓ.టి.పి. సందేశం కూడా తెర మీద పడుతుంది. ఆ పనులు తలుపు వేసుకుని చేయండి. పని కాగానే తీగ తీసేయండి.

ఎనిమిదవది అంకెల్లో లేదు. అది గృహశాంతి. మొదటి వారం మా ఇంట్లో సీరియల్ వేళకు నేను పింఛను లెక్క చూసుకుంటూ కూర్చున్నాను. "ఏమండీ, రిటైరై ఇన్నేళ్ళయినా ఆఫీసు మీ వెనకే వచ్చిందా?" అన్నది మా ఆవిడ. రాజీ కుదిరింది. ఉదయం పది నుంచి పన్నెండు దాకా టి.వి. నాది. సాయంత్రం నా పేరెత్తడానికి లేదు.

అందరూ మోనిటర్లు అమ్మేసి టి.వి.లు పెట్టుకోండని నేను చెప్పడం లేదు. రోజంతా రాతపని చేసేవారికి బల్ల మీద మోనిటరే మేలు. కొత్తగా టి.వి. కొనవలసిన పని అంతకంటే లేదు. ఇంట్లో ఉన్నదానితో, ఒక తీగ ఖర్చుతో, మన కాగితం మనం చదువుకోగలమా అన్నదే ప్రశ్న. కొంతవరకు చదువుకోగలమనే నా అనుభవం.

చివరగా, మొదట చెప్పిన చెల్లెమ్మ సంగతితో ముగిస్తాను. నిరుడు ఆమెకు మరో కాగితం అవసరమైంది. వివరాలన్నీ మళ్ళీ నింపాలి. నా దగ్గరకే వచ్చింది. నేను వద్దన్నాను. అప్పుడే ఖాతా నంబరు సంగతి కూడా చెప్పేశాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తరువాత, "అయితే ఈసారి నేనూ పక్కన కూర్చుంటాను అన్నయ్యగారూ" అన్నది.

ఇద్దరం టి.వి. ముందు కూర్చున్నాం. నేను నింపుతున్నాను, ఆమె చదువుతోంది. ఖాతా నంబరు ఒక్కొక్క అంకె పైకి చదివింది. 3 దగ్గర నావైపు చూసి, "మూడే" అన్నది. పుట్టిన తేదీ దగ్గరకు వచ్చేసరికి ఆగింది. "నేను పుట్టింది ఏడో నెల నాలుగున కాదండి, నాలుగో నెల ఏడున" అన్నది. తీసి చూస్తే పాత కాగితంలోనే తేదీ, నెల తారుమారై ఉన్నాయి. వయసును బట్టి వచ్చే అదనపు పింఛనుకు ఆ తేదీయే ఆధారం. నేను దాన్ని ఉన్నదున్నట్టు దించి ఉండేవాణ్ణి. ఆ కాగితం ఇన్నేళ్ళలో ఎన్ని చేతులు మారిందో గాని, ఆమెకు చూపించి సరేనా అని అడిగినవారు లేరు.

మిత్రులారా, మన సర్వీసంతా ఫైలు మనవైపు తిరిగి ఉండేది. బల్లకు అవతల నిలబడ్డవాడికి అది తలకిందులుగా కనబడేది, చాలాసార్లు అసలు కనబడేదే కాదు. మనం చదివి చెప్పిందే వాడు వినాలి. నేనూ అలాగే పనిచేశాను. ఆ రోజు మొదటిసారిగా ఫైలు ఇద్దరి వైపూ తిరిగి ఉంది. నా చూపు తగ్గినందుకు బాధ పడ్డాను గాని, తగ్గకపోతే ఈ సంగతి నాకు తెలిసేది కాదు.

ఇప్పుడు మళ్ళీ దరఖాస్తులు రాస్తున్నాను. షరతు ఒక్కటే. ఎవరి కాగితమో వారు పక్కన కూర్చుని చదవాలి. ఉదయం పది నుంచి పన్నెండు దాకా మా ఇంటి తలుపు తీసే ఉంటుంది. సాయంత్రం మాత్రం రాకండి, కారణం మీకు మనవి చేశాను.